కొలిచే చేతి మచ్చ



ఉగాది సభలో రసాయనశాస్త్రం ఎందుకని మీరనుకోవచ్చు. కాని ఒంట్లో “ఆక్సీకరణ నష్టం” ఎంతో కొలిచి చెబుతామనేవారూ, దానికి మాత్రలు అమ్మేవారూ మన గుమ్మాలదాకా వచ్చినారు. అందుచేత ఆ కొలత సంగతి మీ ముందు పెడతాను.

మన జీవకణాల్లో వంశలక్షణాలను మోసే డి.ఎన్.ఏ. నాలుగు రకాల పూసలు గుచ్చిన రెండు పేటల దండ వంటిది. మనం పీల్చే ప్రాణవాయువు నుండే పుట్టే తీక్ష్ణమైన అణువులు వాటిలో గ్వానీన్ అనే పూసను ముందుగా కాటువేస్తాయి. ఈ గాయాన్ని 1984లో జపానులో కసాయి, నిషిమురా అనే శాస్త్రజ్ఞులు గుర్తించినారు. గాయపడిన గ్వానీన్ తన జోడీ అయిన సైటోసీన్‌ను వదలి అడినీన్‌తో జతకట్టగలదు. కణం నకలు తీసుకునేటప్పుడు అక్కడ తప్పు పడుతుంది. క్యాన్సరుకు దారితీయగల మార్పుల్లో ఇదొకటి.

సరే, ఎన్ని పూసలు చెడినవి? ఇక్కడే వచ్చింది చిక్కు. తరిగిన వంకాయ ముక్క గాలి తగలగానే నల్లబడుతుంది గదా! ఆ నలుపు చూచి, తరగకముందు కాయ లోపల ఎంత నలుపుండెనో చెప్పమంటే ఎవరు చెప్పగలరు? కణాన్ని పగులగొట్టి డి.ఎన్.ఏ.ను బయటికి తీసేటప్పుడు ఇదే జరుగుతుంది. ఒక పద్ధతిలోనైతే నమూనాకు రసాయనాలు కలిపి బాగా వేడి చేయవలసి ఉండెను. ఆ వేడికే మంచి గ్వానీన్ కూడ చెడేది. పది లక్షలకు ఒకటి రెండని ఒక ప్రయోగశాల అంటే, వందలని మరొకటి అనేది. ఇరువురూ పండితులే!

1997లో ఐరోపా ప్రయోగశాలలు కూటమిగా ఏర్పడి, ఒకే నమూనాను పంచుకొని ఎవరికి వారు కొలిచి చూచినవి. మన ఇళ్లలో వంకాయ ముక్కలను ఉప్పునీటిలో వేస్తారే, అట్లే నమూనాలోని ఇనుమును కట్టిపడేసే మందు చేర్చడం, చల్లదనంలో పని నడపడం వంటి జాగ్రత్తలు వచ్చినవి. అంకె దిగింది. 2003 నాటికి, మామూలు మానవ కణాల్లో పది లక్షల గ్వానీన్లకు చెడినవి నాలుగో, అంతకు తక్కువో అని తేల్చినారు. పాత వ్రాతల్లోని వందలలో అధికభాగం కొలిచినవారి చేతి చలవే.

మూత్రపరీక్షకు ఈ బెడద లేదు. చెడిన ముక్కలు అందులో నిలకడగా ఉంటాయి. కాని అక్కడ కనిపించేవి శరీరం ఏరి బయట పారవేసినవి మాత్రమే. వాకిట చెత్త ఎక్కువగా ఉన్నదంటే ఇల్లు మురికిదనా, బాగా ఊడ్చినారనా? మాత్రలు మ్రింగిన తరువాత ఆ అంకె తగ్గితే, చెత్త తగ్గిందో, చీపురు ఆగిందో ఆ కాగితం ఒక్కటే చెప్పలేదు.