దోమను చదివే చదువు
(వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



పిల్లల చదువు గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. డాక్టరు, ఇంజనీరు చదువుల సంగతి మీకందరికీ తెలిసిందే. నేను దోమను చదివే చదువు గురించి చెబుతాను. నవ్వకండి. 2023లో ప్రపంచంలో సుమారు 26 కోట్ల 30 లక్షల మందికి మలేరియా వచ్చిందనీ, 5 లక్షల 97 వేలమంది చనిపోయారనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. చనిపోయినవారిలో ఎక్కువమంది ఆఫ్రికాలోని పసిపిల్లలే.

ఈ చదువుకు మన సికింద్రాబాదుతో సంబంధం ఉన్నది. 1897 ఆగస్టులో అక్కడ రొనాల్డ్ రాస్ అనే సైనిక వైద్యుడు హుసేన్ ఖాన్ అనే మలేరియా రోగిని దోమలచేత కుట్టించాడు. కుట్టిన ఒక్కో దోమకు ఒక అణా ఇచ్చాడు. ఆగస్టు 20న అలాంటి దోమను కోసి చూస్తే దాని పొట్ట గోడలో మలేరియా క్రిమి కనబడింది. మరుసటి ఏడు కలకత్తాలో రాస్ పక్షుల మలేరియా మీద పనిచేసినప్పుడు ముహమ్మద్ బక్ష్ అనే ఆయన సహాయకుడు. 1902లో రాస్‌కు నోబెల్ బహుమతి వచ్చింది. మనవాళ్లలో ఒకరు చెయ్యి ఇచ్చారు, ఒకరు చేతిసాయం చేశారు. మరి మైక్రోస్కోపు ముందు కూర్చునే వంతు మన పిల్లలకు ఎప్పుడు?

ఈ పనిలో కొత్తగా చేరిన యువకులు ఏం చేస్తారు? పొద్దుగూకింది మొదలు తెల్లవారేదాకా ఊళ్లో దోమలు పడతారు. ఏ జాతి దోమ, ఏ వేళ కుడుతున్నది, ఇంట్లోనా, బయటనా అని రాసుకుంటారు. తరువాత దోమను కోసి వయసు అంచనా కడతారు. దోమకు వయసేమిటంటారా? అందులోనే ఉన్నది కిటుకంతా. క్రిమి దోమ కడుపులో చేరి, పెరిగి, లాలాజలంలోకి రావడానికి దాదాపు పది పదిహేను రోజులు పడుతుంది. అంతకాలం బ్రతికిన ఆడదోమే మలేరియా అంటిస్తుంది. మందు పూసిన దోమతెర దాని ఆయుష్షును తగ్గిస్తుంది. కాని దోమలు ఆ మందులకు అలవాటు పడుతున్నాయి. కొత్త ఉపాయం కొత్తవాళ్లే వెదకాలి.

ఇంకొకటి. మన పట్నాల్లో నీళ్ల ట్యాంకుల్లో, బావుల్లో పెరిగే అనాఫిలిస్ స్టెఫెన్సీ అనే దోమ 2012లో ఆఫ్రికాలోని జిబూతీలో, 2016లో ఇథియోపియాలో కనబడింది. పల్లెల జబ్బనుకున్నది అక్కడ పట్నాలకూ పాకే ప్రమాదం వచ్చింది. ఈ దోమ నడత తరతరాలుగా ఎరిగిన దేశం మనది. అందుకని ఇక్కడ నేర్చిన విద్య అక్కడి పిల్లల ప్రాణాలకూ పనికివస్తుంది.

పుదుచ్చేరిలో 1975లో పెట్టిన వెక్టర్ కంట్రోల్ రిసెర్చ్ సెంటర్ ఉన్నది. బీఎస్సీ తరువాత పబ్లిక్ హెల్త్ ఎంటమాలజీ అనే చదువు అక్కడ చదవవచ్చు. ఉర్దూ మీడియం పిల్లలు ఇంగ్లీషుకు జంకుతారు, నిజమే. భాష రెండేళ్లలో పట్టుబడుతుంది, ఓపికగా చూసే కన్ను చిన్నప్పటినుంచీ అలవడాలి. ఆడపిల్లలు రాత్రిళ్లు ఊళ్లు తిరగాలా అని తల్లులు అడగవచ్చు. దోమలను పెంచడం, కోసి పరీక్షించడం ల్యాబులోనే జరిగే పనులు.

సొసైటీ పెద్దలకు నా మనవి ఒక్కటే. స్కాలర్‌షిప్పులిచ్చేటప్పుడు ఇటువంటి చదువుకు కూడా ఒకటి కేటాయించండి. తల్లిదండ్రులకు మరొక మనవి. ఇంటిమీది ట్యాంకుకు మూత పెట్టండి, వారానికొకసారి గాబు ఖాళీచేసి తోమండి. ఆ తోమేముందు నీళ్లలో తోకపురుగు కనబడితే పిల్లవాణ్ణి పిలిచి చూపించండి. అది దోమ పిల్ల అని చెప్పండి. వాడు ప్రశ్న అడిగితే విసుక్కోకండి.