మూడు గంటల్లో ఇరవై ఒక్క కిలోమీటర్లు: అన్నతో కలిసి నెమ్మదిగా

(ఎపిసోడ్ పూర్తి పాఠం. వినే వీలు లేనివాళ్లు, డ్యూటీ బస్సులో చదువుకునేవాళ్లు అడిగారని మాట్లాడింది మాట్లాడినట్టే ఇక్కడ పెడుతున్నాను.)

నైట్ డ్యూటీలో ఇయర్‌ఫోన్ ఒక చెవికే పెట్టుకుని వింటున్న తమ్ముళ్లకు నమస్తే. రెండో చెవి సూపర్‌వైజర్ కోసం ఉంచుకోవాలి కదా, అది నాకూ తెలుసు.

ఈసారి వీసాలు, జీతాలు, టికెట్ల సంగతి కాదు. పరుగు సంగతి. "మాకే పొద్దంతా నడుములు పడిపోతున్నై, మళ్లా పరుగెక్కడిది" అని మీరు అనుకుంటారు. నేనూ అట్లాగే అనుకునేవాణ్ణి. పూర్తిగా విన్నాక మీ ఇష్టం.

ఈ ఫిబ్రవరిలో నేను, మా రూములో ఉండే ఒక అన్న కలిసి రస్ అల్ ఖైమా హాఫ్ మారథాన్ పరుగెత్తాం. అన్న తన పేరు చెప్పొద్దన్నాడు, అందుకని అన్న అనే అంటాను. మాది జగిత్యాల దిక్కు, ఆయనదీ ఆ దిక్కే. వయసు 47. షట్టరింగ్ కార్పెంటర్. దుబాయ్ వచ్చి పద్నాలుగేళ్లు. నేను ఏసీ టెక్నీషియన్, నాకు 31.

హాఫ్ మారథాన్ అంటే 21.0975 కిలోమీటర్లు. మారథాన్ దూరం 42.195, అందులో సగం. ఆ లెక్క 1908 లండన్ ఒలింపిక్స్‌లో పరుగెత్తిన దూరం నుంచి వచ్చింది. మన లెక్కలో చెప్పాలంటే ఇంచుమించు జగిత్యాల నుంచి కోరుట్లకు పోయినంత. బస్సులో కాదు, కాళ్ల మీద.

అసలు ఇది ఎట్లా మొదలైందో చెప్తాను. పోయిన ఏడు ఎండాకాలంలో మా రూములో ఒక తమ్ముడు నిద్రలోనే పోయాడు. 38 ఏళ్లు. రాత్రి పప్పు వండాడు, తిన్నాడు, ఇంటికి ఫోన్ చేశాడు, పడుకున్నాడు. పొద్దున నాలుగున్నరకు అలారం మోగుతూనే ఉంది, ఆపలేదు. "అరే, బంద్ చెయ్యరా" అని ఎవరో తిట్టారు కూడా. తర్వాత సంగతి మీకు చెప్పనక్కర్లేదు. క్యాంపుల్లో ఉన్నవాళ్లలో ఇట్లాంటిది చూడనివాళ్లు తక్కువ. కాగితాలు, పెట్టె, విమానం. ఊళ్లో ఏడుపు మనం ఫోన్‌లో విన్నాం.

ఆయనది కింది మంచం. అన్నది దాని ఎదురు మంచం. ఆ రోజు నుంచి అన్నకు నిద్ర సరిగ్గా లేదు. రాత్రి రెండింటికి లేచి కూర్చునేవాడు. నేను పోరుపెట్టి క్లినిక్‌కు తీసుకెళ్లాను. సుగర్ బయటపడింది. డాక్టర్ గోళీలు రాసి, రోజూ నడవమన్నాడు. "పొద్దంతా నిలబడే ఉంటున్న కదా సార్" అన్నాడు అన్న. "నిలబడటం వేరు, నడవటం వేరు" అన్నాడు ఆయన.

సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడు దాకా ఎండలో పని ఆపే రూలు ఉంటుంది కదా, అది అయిపోయిన వారం మొదలుపెట్టాం. డ్యూటీ అయ్యి, స్నానం చేసి, రాత్రి ఎనిమిదింటికి క్యాంపు గోడ వెంబడి పది నిమిషాల నడక. మొదటి రోజు అంతే. వారానికి మూడు రోజులు. నెల తర్వాత అరగంట. తర్వాత మధ్య మధ్యలో ఒక్క నిమిషం పరుగు. క్యాంపులో నవ్వినవాళ్లు నవ్వారు. "ఏం అన్నా, పోలీసు సెలెక్షన్‌కు పోతున్నవా" అని ఒకడు రోజూ అడిగేవాడు. నవంబర్‌లో వాడే మా వెనక నడవడం మొదలుపెట్టాడు, అది వేరే కథ.

ఇక్కడ నా సంగతి ఒకటి ఒప్పుకోవాలి. నేను స్కూల్లో జిల్లా దాకా పరుగెత్తినవాణ్ణి. ఈ హాఫ్ మారథాన్ రెండు గంటల లోపల చేయాలని నాకు మనసులో ఉంది. ఇద్దరి పేర్లు రాయించింది నేనే. ఫీజు మనలాంటివాళ్లకు చిన్నదేం కాదు. అన్న డబ్బులు ఇస్తూ ఒకటే మాట అడిగాడు. "తమ్మీ, నాతోని ఉంటవా?" ఉంటానన్నాను. మాట ఇచ్చాను.

మేము పట్టుకున్న పద్ధతి చాలా సులువు. మూడు నిమిషాలు పరుగు, ఒక నిమిషం నడక. మళ్లీ మూడు, మళ్లీ ఒకటి. జెఫ్ గాలోవే అని 1972 ఒలింపిక్స్‌లో పరుగెత్తిన అమెరికా ఆయన ఈ పరుగు-నడక పద్ధతిని బాగా ప్రచారం చేశాడు. అలసిపోయాక నడవడం కాదు, అలసిపోకముందే నడవాలి. కిటుకు అక్కడే ఉంది. వేగం సరిగ్గా ఉందా లేదా అని చూడటానికి గడియారం అక్కర్లేదు. పరుగెత్తుతూ పూర్తి వాక్యం మాట్లాడగలిగితే సరిపోయినట్టు. మాట మధ్యలో ఊపిరి తెగితే తగ్గించాలి.

డిసెంబర్‌లో పది కిలోమీటర్లు అయ్యింది. జనవరిలో ఒక ఆదివారం పదిహేడు. వారం వారం కొంచెం కొంచెమే పెంచాం. డబ్బులు పెట్టింది ఒక్క బూట్ల మీదే. సేఫ్టీ షూలతో, చెప్పులతో మాత్రం వద్దు. సుగర్ ఉన్నవాళ్లయితే పరుగు అయ్యాక రోజూ పాదాలు చూసుకోవాలి. చిన్న బొబ్బ కూడా వాళ్లకు పుండై కూర్చుంటుంది. మొదలుపెట్టే ముందు డాక్టర్‌ను అడగాలి. కొన్ని గోళీలకు, ఎక్కువ శ్రమకు కలిపి సుగర్ ఒక్కసారిగా పడిపోవచ్చు. అన్న జేబులో ఎప్పుడూ ఐదారు ఖర్జూరాలు ఉండేవి.

పందెం శనివారం. మా సెలవు ఆదివారం. నా దోస్తు ఒకతను నా డ్యూటీ చేస్తానన్నాడు, అన్న ఫోర్‌మన్‌ను బతిమాలుకున్నాడు. తెల్లారకముందే తెలిసిన మలయాళీ భాయ్ కారులో బయలుదేరాం. అల్ మర్జాన్ ఐలాండ్ అంటే సముద్రంలో మట్టి పోసి కట్టిన నాలుగు దీవులు. కారు దిగగానే అన్న మొదటి మాట, "దీనికి ఎంత షట్టరింగ్ పట్టిందో తమ్మీ." ఫిబ్రవరి కదా, చలిగాలి. ఇద్దరం పాత టీషర్టులు పైన వేసుకుని వణుకుతూ నిలబడ్డాం.

ఈ పందేనికి ప్రపంచంలో పేరుంది. దారి చదునుగా ఉంటుంది, అందుకని రికార్డులు పడతాయి. 2007లో కెన్యా ఆయన సామ్యూల్ వన్జీరు ఇక్కడే 58 నిమిషాల 53 సెకన్లలో పరుగెత్తి ప్రపంచ రికార్డు కొట్టాడు. 2020లో ఇథియోపియా ఆవిడ అబాబెల్ యెషానే గంటా 4 నిమిషాల 31 సెకన్లలో ఆడవాళ్ల రికార్డు కొట్టింది. మా లెక్క కిలోమీటరుకు ఎనిమిదిన్నర నిమిషాలు. అంటే వన్జీరు వేగంతో వెళ్లేవాళ్లు పందెం ముగించి నీళ్లు తాగే టైముకు మేము ఇంకా ఏడో కిలోమీటరు కూడా దాటం. అన్నకు ఇది చెప్తే, "వాళ్లకు పనులుంటయి, తొందరగ పోతరు. మనకేముంది, లీవే గదా" అన్నాడు.

మొదటి పది కిలోమీటర్లు హాయిగా గడిచాయి. సముద్రం పక్కన ఎండ మెల్లగా ఎక్కుతోంది. నీళ్ల టేబుల్ వచ్చిన ప్రతిసారీ రెండు గుక్కలు. అన్న నీళ్లు ఇచ్చిన ప్రతి పిల్లకూ పిల్లగానికీ "షుక్రన్" చెప్పాడు. నీళ్లిచ్చేవాళ్లకు మనం దండం పెట్టే అవకాశం రోజూ రాదు కదా. ఎప్పుడూ మనమే ఇంకొకరికి అందించేవాళ్లం.

పన్నెండో కిలోమీటరు దగ్గర నా బుద్ధి పాడైంది. నాకంటే లావుగా ఉన్న ఒకాయన, తర్వాత అరవై దాటిన ఒకావిడ మమ్మల్ని దాటి వెళ్లారు. నా కాళ్లలో ఇంకా బలం ఉంది, ఊపిరి కూడా నిండుగా ఉంది. అన్న నా మొహం చూశాడు. "నువ్వు పోరా. నేను వస్త" అన్నాడు.

నేను పోయాను.

రెండు కిలోమీటర్లు బాగా పరుగెత్తాను. చాలా బాగుంది, అబద్ధం చెప్పను. గాలి చెవుల పక్కన మోగుతోంది. నీళ్ల టేబుల్ దగ్గర ఆగి గ్లాసు అందుకున్నాను. అప్పుడు గుర్తొచ్చింది. అన్న ఖర్జూరాల పొట్లం నా జేబులో ఉంది. ఆయన నిక్కరుకు జేబు లేదని పొద్దున నాకిచ్చాడు.

కాళ్లు చల్లబడ్డాయి. సుగర్ మనిషి, చేతిలో ఏమీ లేదు. నేను ఒక్క మాటైనా అనకుండా వచ్చేశాను. అక్కడే నిలబడ్డాను. ఆరు నిమిషాలు ఉంటుందేమో. ఆ ఆరు నిమిషాలు ఆ పందెంలో అన్నిటికంటే పొడుగు. వచ్చే ప్రతి మనిషినీ చూశాను. చివరికి అన్న కనబడ్డాడు, అదే నడక, అదే వేగం. నేను పొట్లం చేతిలో పెట్టి తప్పైపోయింది అన్నాను. ఆయన ఒక ఖర్జూరం నోట్లో వేసుకుని, ఒకటి నాకిచ్చి, "నడువు" అన్నాడు. అంతే.

పదిహేనో కిలోమీటరు దాటాక, నడక నిమిషంలో, అన్న నా వైపు చూడకుండా చెప్పాడు. "ఆ రాత్రి నాకు ఇనవడ్డది తమ్మీ."

ఏం వినబడిందన్నాను.

"వాడు పోయిన రాత్రి. గురక లెక్క పెద్దగ శబ్దం వచ్చింది. ఆగి ఆగి. గురక పెడుతుండని నేను అటు తిరిగి పండుకున్న. లేపితే బతుకునేమో."

ఎనిమిది నెలలుగా ఆయన మోస్తున్నది అది. నేను రోజూ ఆ మనిషి పక్కన అన్నం తిన్నాను, పక్కన నడిచాను. నాకు తెలియదు. "నీకు ఎట్ల తెలుస్తదన్నా, ఎవలకైనా గురకే అనిపిస్తది" అన్నాను. నిజంగా అంతకుమించి నా దగ్గర మాట లేదు. మూడు నిమిషాల పరుగు వచ్చింది, పరుగెత్తాం. మళ్లీ నడక వచ్చింది, మళ్లీ చెప్పాడు. వాళ్ల భార్యకు చెప్పాలా వద్దా అని అడిగాడు. చెప్పొద్దని నేననలేదు, చెప్పమని కూడా అనలేదు. ఆ మిగిలిన ఆరు కిలోమీటర్లలో ఆయన మాట్లాడినంత, పద్నాలుగేళ్లలో ఎవరితోనూ మాట్లాడి ఉండడు.

నేను ముందే వెళ్లి గంటా యాభైకి గీత దాటి ఉంటే ఆ మాట ఆయన ఎవరికి చెప్పేవాడు? నాకు ఇప్పటికీ అదే ఆలోచన.

పందొమ్మిది దగ్గర అన్న పిక్క పట్టేసింది. ఆగి, గోడకు చేతులు ఆనించి సాగదీశాం. తర్వాత నిమిషం పరుగు, నిమిషం నడకకు మార్చుకున్నాం. ఆఖరి మలుపు తిరిగాక ఎవరో మైకులో పేర్లు చదువుతున్నారు. ఇద్దరం పక్కపక్కనే గీత దాటాం. మూడు గంటల నాలుగు నిమిషాలు. మెడల్ వేస్తే అన్న దాన్ని అటు ఇటు తిప్పి చూశాడు. ఫోటో తీసి బిడ్డకు పంపాడు. ఆ పిల్ల వెంటనే ఫోన్ చేసి, "బాపూ, ఎన్నో నెంబర్ వచ్చినవ్?" అని అడిగింది. "మేమిద్దరం ఒక్కటే నెంబర్ బిడ్డా" అన్నాడు.

ఇప్పుడు రెండు ముక్కలు పనికొచ్చేవి చెప్పి ముగిస్తాను.

ఒకటి. రూములో ఎవరికైనా నిద్రలో వింతగా, ఆగి ఆగి, గొంతులోంచి ఊపిరి గుంజుకున్నట్టు శబ్దం వస్తే గురక అనుకోకండి. పేరు పెట్టి పిలవండి, గట్టిగా కుదపండి. లేస్తే తిడతాడు, తిట్టనివ్వండి. లేవకపోతే, శ్వాస మామూలుగా లేకపోతే, యూఏఈలో అంబులెన్స్‌కు 998 కొట్టండి. ఇంకొకరు వెంటనే ఛాతీ నడుమ రెండు చేతులూ పెట్టి గట్టిగా, వేగంగా నొక్కుతూ ఉండండి, నిమిషానికి వంద నుంచి నూట ఇరవై సార్లు. అంబులెన్స్ వచ్చేదాకా ఆపొద్దు. వేరే దేశంలో ఉన్నవాళ్లు మీ దగ్గరి నెంబర్ ఇప్పుడే కనుక్కుని తలుపు మీద రాసి పెట్టండి. మా రూము తలుపు మీద రాసింది అన్నే.

రెండోది. మీ రూములో రాత్రి రెండింటికి లేచి కూర్చునే మనిషి ఉంటే, ఏమైందని అడిగితే చెప్పడు. మనవాళ్లు ఎదురెదురుగా కూర్చుని చెప్పుకోరు. పక్కపక్కన నడుస్తుంటే చెప్తారేమో. హాఫ్ మారథాన్ అక్కర్లేదు. క్యాంపు గోడ వెంబడి పది నిమిషాలు చాలు. నెమ్మదిగా, మాట తెగనంత వేగంతో.

అన్న వచ్చే ఏడు కూడా పోదామన్నాడు. ఈసారి జేబున్న నిక్కరు కొన్నాడు. "నిన్ను నమ్మరాదు" అన్నాడు. నిజమే కదా.

ఉంటాను. డ్యూటీకి టైమవుతున్నది. మీరు కూడా నీళ్లు తాగండి, ఇంటికి ఒక ఫోన్ చేయండి. మళ్లీ కలుద్దాం. నమస్తే.