పట్నంలో ఒక ఆదివారం

(సంఘం వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు నన్ను విద్య గురించి మాట్లాడమన్నారు. ఆ విషయం మీద ఇదే వేదిక మీద ఇదివరకే రెండుసార్లు మాట్లాడినాను. మీరు రెండుసార్లూ ఓపికతో విన్నారు. మూడోసారి ఆ పరీక్ష మీకు పెట్టడం న్యాయం కాదు. అందుచేత పోయిన చలికాలంలో మా చిన్నవాడితో హైదరాబాదులో గడిపిన ఒక ఆదివారం ముచ్చట చెబుతాను.

వాడు తొమ్మిదో తరగతి. ఎన్నడూ పట్నం తీరికగా చూడలేదు. పెండ్లికో, ఆసుపత్రికో పోయి రావడమే. తెల్లవారకముందే పాలమూరులో రైలెక్కి కాచిగూడలో దిగి, ఆటోలో నేరుగా మదీనా దగ్గరికి పోయినాము. మొదటి పని నిహారీ. నహార్ అంటే అరబ్బీలో పగలు. పొద్దున్నే తినేది గనుక ఆ పేరు. హైదరాబాదులో దీన్లోకి పాయాతో పాటు నాలుక కూడా వేస్తారు. రాత్రంతా సన్నని సెగ మీద దేగ్ ఉంటుంది. ఫజర్ నమాజు అయినవాళ్ళు వచ్చేసరికి పులుసు చిక్కబడి వేళ్ళకు అంటుకుంటుంది. మావాడు నాలుక అని వినగానే మొహం అదోలా పెట్టినాడు. నేనేమీ అనలేదు. నాన్‌ను చింపి పులుసులో ముంచి ఇచ్చినాను. రెండో నాన్ వాడే తెమ్మన్నాడు. నిమ్మకాయ పిండడం మాత్రం మరవకూడదు, అది లేకపోతే నిహారీ బరువు చేస్తుంది. మా ఇంట్లో ఆవిడ ఇంతకన్నా బాగా చేస్తుంది. ఆవిడ ఇక్కడే కూచుని ఉన్నది గనుక చెప్పడం లేదు, నిజమే చెబుతున్నాను.

అక్కడినుంచి నడక. పత్థర్‌గట్టీ రాతి కమాన్లు చూసి మావాడు ఇవి కుతుబ్‌షాహీలవా అని అడిగినాడు. కావు. 1908 సెప్టెంబరులో మూసీ పొంగి నగరాన్ని ముంచెత్తిన తర్వాత, 1912లో ఏర్పడిన నగరాభివృద్ధి బోర్డు కట్టించినవి. 1591 నాటి చార్మినారు పక్కన నిలబడితే అన్నీ ఒకే కాలానివిగా కనబడతాయి. చూపించి చెప్పేవాడు లేకపోతే ఎవరికైనా అంతే.

వెనక్కి తిరిగి ఛత్తా బజారులోకి పోయినాము. పెండ్లి కార్డుల అచ్చు దుకాణాలకు పేరుపడిన గల్లీ అది. కంప్యూటరు వచ్చినాక కాతిబుల కలాలకు పని తగ్గింది. అయినా ఒక దుకాణంలో ముసలాయన ఒకరు పొడుగు కలంతో రాస్తూ కనబడినారు. మావాడు ఆశ్చర్యంగా నిలబడి చూసినాడు. ఆయన సంతోషించి ఒక నమూనా కార్డు చేతికిచ్చి, "చదువు బేటా, పెండ్లికొడుకు పేరేమి?" అన్నారు. వాడు నా వైపు చూసినాడు. "అబ్బా, నాకు రాదు కదా" అన్నాడు. ఖురాను అరబ్బీలో కూడబలుక్కుని చదువుతాడు. ఉర్దూ చేతిరాత ముందు పెడితే మాత్రం గోడ చూసినట్టే. ఆ పెద్దాయన తప్పుగా ఏమీ అనలేదు. మాట మార్చడానికి "సాబ్, మీరేం చేస్తారు?" అని నన్ను అడిగినారు.

ఉర్దూ బడిలో పంతులునని చెప్పవలసి వచ్చింది.

సోదరులారా, నేను నౌకరీలో చేరిననాడు మా బడిలో పిల్లలకు బెంచీలు చాలేవి కావు. ఇప్పుడు బెంచీలు మిగులుతున్నాయి. తలిదండ్రులు పిల్లలను ఇంగ్లీషు మీడియానికి పంపుతున్నారని నేను మీ అందరి మీద ఫిర్యాదు చేసినవాణ్ణే. నా కొడుకును ఎక్కడికి పంపినానో మీకు తెలుసు, మర్యాదకొద్దీ ఎవరూ అడగలేదు. భయంతో పంపినాను. ఆ భయం తప్పని ఇప్పుడు కూడా అనను. ఇంట్లో సాయంత్రం ఒక గంట నేనే నేర్పి ఉండవచ్చు. ఊరి పిల్లలకు నేర్పి అలసిపోయినానని సాకు చెప్పుకున్నాను.

సరే, ముచ్చటకు వద్దాము. ఎతెబార్ చౌక్ వైపు నా పాత దోస్తు దుకాణం ఉన్నది, తండ్రి నాటిది. మెట్రో కోసం రోడ్డు వెడల్పు చేయడంలో సగం పోయింది. మిగిలిన సగానికి రేకుల షట్టరు బిగించి కూచున్నాడు. పక్కనే ఇరానీ హోటలు. ఖడా చమ్మచ్ చాయ్, ఉస్మానియా బిస్కెట్లు తెప్పించినాడు. చాయ్‌తో పాటు రాజకీయం ఉచితం.

మెట్రో రైలు 2017లో నగరానికి వచ్చింది. 2020లో మహాత్మాగాంధీ బస్‌స్టేషను దాకా వచ్చి, మూసీ దాటకుండా ఆగింది. పాతబస్తీ లైను, చాంద్రాయణగుట్ట దాకా ఏడున్నర కిలోమీటర్లు, దానికి 2024 మార్చిలో ఫలక్‌నుమాలో శంకుస్థాపన జరిగింది. 2025 జనవరిలో పరిహారం చెక్కులు మొదలైనాయి, గజానికి 81 వేలు. ఒకాయన "అభివృద్ధి మా దుకాణాల మీదుగానే పోవాలా?" అన్నాడు. ఇంకొకాయన బల్ల మీద కొట్టి, "ఇన్నేండ్లు మనదాకా రాలేదని ఏడ్చినాము, ఇప్పుడు వస్తుందని ఏడుస్తున్నామా?" అన్నాడు. ఇద్దరి మాటలోనూ నిజమున్నది. నా దోస్తు మాత్రం, "గజానికి ధర కట్టినారు, గిరాకీకి ధర ఎవరు కడతారు?" అన్నాడు. దానికి ఎవరూ బదులు చెప్పలేదు.

నేను ఊరుకోక, 2020 బల్దియా ఎన్నికల్లో ఎవరెవరు ఓటు వేసినారని అడిగినాను. బల్ల చుట్టూ అయిదుగురము. నన్ను తీసేస్తే నలుగురు. వేసింది ఒక్కరు. ఆ ఎన్నికల్లో 150 డివిజన్లకూ కలిపి నూటికి 47 మంది కూడా ఓటు వేయలేదు. పార్టీల పేర్లు చెప్పుకుని గంటసేపు కొట్లాడినవాళ్ళలో ముగ్గురు ఆ రోజు ఇంట్లో పడుకున్నారు. మోరీ నిండితే కార్పొరేటరును తిట్టే హక్కు మాత్రం అందరికీ ఉన్నది.

లేచే ముందు నా దోస్తు గల్లా పెట్టెలోంచి ఒక కాగితం తీసినాడు. ఇంగ్లీషులో ఉన్నది. "అంకెలు తెలుస్తున్నాయి, మాటలు తెలియడం లేదు" అన్నాడు. నాకు కొంత అర్థమయింది, కొంత కాలేదు. మావాడు తీసుకుని వరుసగా చదివి, ఏ తేదీలోపల ఏమేమి జతపరచి ఇవ్వాలో ఉర్దూలో విడమరిచి చెప్పినాడు. ఆ తేదీకి ఇంక ఆరు రోజులే. నా దోస్తు వాడి తల మీద చెయ్యి పెట్టి దువా చేసినాడు. ఉర్దూ చదవలేని కొడుకు వల్లనే ఆ మనిషి పని గడువు దాటకుండా నిలబడింది. గంట క్రితం సిగ్గుపడినవాణ్ణి, ఇప్పుడేమనుకోవాలో నాకు తోచలేదు.

సాలార్‌జంగ్ మ్యూజియం శుక్రవారం మూస్తారు గాని ఆదివారం తెరిచే ఉంటుంది. పన్నెండు గంటలకు గడియారంలోంచి చిన్న బొమ్మ బయటికొచ్చి పన్నెండుసార్లు గంట కొట్టడం చూసినాము. తర్వాత ఆబిడ్స్. ఆదివారం అక్కడ దుకాణాలు మూసి ఉంటే ఫుట్‌పాత్ అంతా పాత పుస్తకాలే. ఉర్దూలోనే చదువు చెప్పడానికి 1918లో పెట్టిన ఉస్మానియా విశ్వవిద్యాలయం గురించి, డాక్టరీ సైన్సు పుస్తకాలు సైతం ఉర్దూలోకి తర్జుమా చేయించిన సంగతి గురించి వాడికి అక్కడే చెప్పినాను. 1951లో హైదరాబాదు మేయరైన మాడపాటి హనుమంతరావుగారు, తెలుగువాళ్ళు ఆంధ్ర పితామహుడన్నవారు, ఉర్దూ పారసీ చదివిన పండితులని కూడా చెప్పినాను. "మరి ఆయనకు వస్తే నాకెందుకు రాదు?" అన్నాడు. జవాబు మీకు పైన చెప్పేసినాను. ఉర్దూ మొదటి వాచకం ఒకటి, అట్ట చినిగినది, ఇరవై రూపాయలకు కొన్నాము.

తిరుగు రైలులో షాద్‌నగర్ వచ్చేసరికి అలిఫ్, బే, పే అయినాయి. జీమ్ దగ్గర నిద్రపోయినాడు.

కార్యదర్శిగారి అనుమతితో ఒక సంగతి. వచ్చే ఆదివారం నుంచి జొహర్ నమాజు తర్వాత సంఘం హాలులో ఒక గంట నేను కూచుంటాను. ఉర్దూ రాని పిల్లలను పంపండి, ఫీజు లేదు. పెద్దలు కూడా రావచ్చు. మీ ఇంటికి వచ్చిన నోటీసులు, పింఛను కాగితాలు, ఓటరు జాబితాలో తప్పుపడిన పేర్లు ఏమున్నా పట్టుకు రండి. ఇంగ్లీషు వచ్చిన పిల్లలు అవి చదివి పెడతారు. తర్వాత నేను వాళ్ళ పాఠం చూస్తాను. మావాడు జీమ్ నుంచి మొదలుపెట్టాలి. చాయ్ ఖర్చు మొదటి నెల నాది, రెండో నెల సంగతి కోశాధికారిగారు చూడాలి.

ఖుదా హాఫిజ్.