బుస్సీ దండు నడిచిన దారి



మన పిల్లలు చాలామంది కాలిఫోర్నియాలో, కుపర్టినో, శాన్ హోసే చుట్టుపక్కల కాపురాలు పెట్టారు. స్పెయిన్ రాజు కోసం వలస కుటుంబాల్ని వెంటబెట్టుకుని హువాన్ బౌతిస్తా దే అన్సా 1775-76లో నడిచిన దారి అటుగానే పోతుంది. అమెరికా ప్రభుత్వం 1990లో దాన్ని జాతీయ చారిత్రక మార్గంగా ప్రకటించింది. సుమారు 1200 మైళ్ల దారికి గుర్తుగా పలకలు నాటారు. ఆ వలసతో నేల పోగొట్టుకున్న ఆదివాసుల మాట కూడా ఆ కథలో చేరింది, ఆలస్యంగానైనా.

అన్సాకు పాతికేళ్ల ముందే మన గడ్డ మీద ఒక ఫ్రెంచి దండు అలాంటి దారే తొక్కింది. 1751 జనవరిలో ముజఫర్ జంగ్‌ను నిజాం గద్దె మీద కూర్చోబెట్టడానికి ఆ దండు సేనాని బుస్సీ పుదుచ్చేరి నుంచి బయలుదేరాడు. రాయచోటి ప్రాంతంలో కడప, కర్నూలు నవాబులు తిరగబడ్డారు. ముజఫర్ జంగ్ అక్కడే చచ్చిపోయాడు. బుస్సీ మాత్రం ఆగలేదు. దండులోనే ఉన్న సలాబత్ జంగ్‌ను నిజాంను చేసి కర్నూలు మీదుగా హైదరాబాదు చేరాడు, ఆ పైన ఔరంగాబాదు. నిజాం మారినా దండు మారలేదు. ఎవరు ఎవరి వెంట నడిచారో తేల్చడానికి ఇంతకన్నా రుజువు అక్కర్లేదు.

ఆ దండు తిండి ఖర్చు ఎవరిది? 1753లో బుస్సీ జబ్బుపడి మచిలీపట్నం వెళ్లగానే దక్కనులో సిపాయిల జీతాలు ఆగిపోయాయి. తిరిగొచ్చి అతను అడిగింది రొక్కం కాదు, రాబడి ఉన్న నేల. కొండపల్లి, ఏలూరు, రాజమండ్రి, శ్రీకాకుళం సర్కార్లు అలా ఫ్రెంచివాళ్ల చేతికి పోయాయి. గోదావరి రైతు కట్టిన శిస్తు దక్కనులో తుపాకిమందు అయింది.

ఇక మన హైదరాబాదు పాతబస్తీ సంగతి. 1756లో దివాన్ షానవాజ్ ఖాన్ మాట మీద సలాబత్ జంగ్ బుస్సీని కొలువు నుంచి తీసేశాడు. బుస్సీ సముద్రం దారి పట్టినట్టే పట్టి, హైదరాబాదులో ఆగి, మూసీ ఒడ్డున ఉన్న చార్‌మహల్‌లో మోర్చాలు కట్టాడు. తోటలోని మహలు అది, కోట కాదు. చుట్టూ నిజాం సైన్యం. వానాకాలంలో లా అనే సేనాని నాయకత్వాన మచిలీపట్నం నుంచి సాయం వచ్చేదాకా, ఆగస్టు దాకా, అక్కడే నిలబడ్డాడు. చివరికి నిజామే రాజీకి వచ్చాడు. సిటీ కాలేజీ దగ్గర చార్‌మహల్ అన్న పేరు ఇప్పటికీ ఉంది. ఈ సంగతి చెప్పే పలక ఒక్కటీ నా కంటపడలేదు.

రాజీ కుదిరాక బుస్సీ సర్కార్లకు పోయాడు. 1757 జనవరి 24న బొబ్బిలి కోట బూడిదైంది. ఆ కథ మీకు బుర్రకథల్లో తెలుసు. తాండ్ర పాపారాయుడు కత్తి పట్టిన చోటు నుంచి చార్‌మహల్‌కు ఒక గీత గీసినవాళ్లు మాత్రం తక్కువ. చార్‌మహల్‌లో బుస్సీ ఓడిపోయి ఉంటే విజయనగరం రాజు విజయరామరాజుకు బొబ్బిలి మీదికి తెచ్చుకోవడానికి ఆ ఫిరంగులు దొరికేవా అన్నది నా ప్రశ్న. చరిత్రకారులు ‘ఉంటే’లను ఇష్టపడరు, నాకు మాత్రం ఈ ఒక్కటి వదలబుద్ధి కాదు.

1758లో ఫ్రెంచి సేనాని లాలీ పిలుపుతో బుస్సీ వెళ్లిపోయాడు. మరుసటి ఏడు ఏప్రిల్‌లో ఇంగ్లీషు సేనాని ఫోర్డ్ మచిలీపట్నం పట్టుకున్నాడు. దారి మిగిలింది, నడిచేవాళ్లు మారారు.

ఈ దారికీ పలకలు పెడితే రాయచోటి, కర్నూలు, చార్‌మహల్, మచిలీపట్నం, బొబ్బిలి, అయిదు చోట్లా పెట్టండి. బుస్సీ పేరు చిన్న అక్షరాల్లో చాలు. ఏ సర్కారు శిస్తుతో ఆ దండు నడిచిందో పెద్ద అక్షరాల్లో రాయండి. మూసారాంబాగ్ దగ్గరి ఫ్రెంచి సేనాని రేమండ్ సమాధిని ఇందులో కలపమని కొందరు అడుగుతారు. ఆయన 1798లో పోయాడు, నిజాం అలీఖాన్ జీతం తిన్నవాడు. ఆ లెక్క వేరు, దానికి ఇంకో ఉపన్యాసం కావాలి.