రోజుకు మూడు కిలోమీటర్లు



రోజుకు మూడు కిలోమీటర్లు నడవడం పెద్ద విషయమా? పొలానికి పోయి వస్తేనే అంత అవుతుంది. కానీ ఈ మనిషి నడక వేరు.

ఫిల్ పాకర్ బ్రిటన్ సైన్యంలో మేజర్‌గా ఉండేవారు. 2008లో ఇరాక్ దేశంలోని బస్రాలో గాయపడ్డారు. వెన్నుపాము దెబ్బతింది. కాళ్లు పడిపోయాయి. ఇక నడవలేరని డాక్టర్లు అన్నారు. నెలల తరబడి కసరత్తు చేశారు. చంకకర్రల మీద లేచి నిలబడ్డారు.

లండన్‌లో ఏటా మారథాన్ పరుగు జరుగుతుంది. దూరం 42 కిలోమీటర్లు. 2009 ఏప్రిల్‌లో పాకర్ కూడా బయలుదేరారు. రోజుకు సుమారు మూడు కిలోమీటర్లే నడవాలన్నారు డాక్టర్లు. అంతే నడిచేవారు. మర్నాడు ఆగిన చోటి నుంచే మళ్లీ మొదలు. అందరూ ఒక్క రోజులో ముగించే దారి ఆయనకు రెండు వారాలు పట్టింది.

ఎవరి కోసం ఇదంతా? తనలా గాయపడ్డ సైనికుల కోసం. ప్రాణం దక్కితే చాలదు గదా! మళ్లీ లేచి తిరగాలంటే చాలాకాలం వైద్యం కావాలి. ఆయన పట్టుదల చూసి జనం తోచినంత ఇచ్చారు. 2009లో చేసిన సాహసాలన్నిటికీ కలిపి పది లక్షల పౌండ్లకు పైగా పోగయింది.

మీ ఊళ్లోనూ లారీ గుద్దినవాళ్లు, తాటిచెట్టు మీంచి పడ్డవాళ్లు ఉండొచ్చు. ఆస్పత్రి నుంచి ఇంటికి వచ్చాకే వాళ్లకు అసలు కష్టం. "అయ్యో పాపం" అంటే సరిపోదు. తలా ఒక చెయ్యి వెయ్యండి!