అమానతును కాపాడుకుందాం

 

ఇన్నేళ్ళుగా పిల్లలకు పరీక్షలు పెడుతున్నాను. ఈరోజు నేనే తప్పబోయిన ఒక పరీక్ష గురించి చెబుతాను.

పోయిన రంజాన్‌లో మా బంధువులు కొందరు ఇద్దరు ఆడపిల్లల కాలేజీ ఫీజు కోసం జకాత్ సొమ్మును నా ఖాతాలో వేశారు. ఒక సాయంత్రం ఇఫ్తార్ హడావుడిలో ఉండగా బ్యాంకు పేరుతో ఈమెయిల్ వచ్చింది. కేవైసీ గడువు ఈ రాత్రితో ముగుస్తుందట, ఖాతా నిలిపేస్తారట. గుండె ఝల్లుమంది. లింకు నొక్కాను. అచ్చం బ్యాంకు పేజీలాగే ఉంది. యూజర్ ఐడీ, పాస్‌వర్డ్ కొట్టాను. ఫోన్‌కు ఓటీపీ వచ్చింది. అంకెలు కొట్టబోతూ మెసేజీ మొత్తం చదివాను. కొత్త లబ్ధిదారుని చేర్చడానికి అని ఉంది. అంటే ఎవరో నా డబ్బు మళ్ళించుకోవడానికి తమ ఖాతాను చేర్చుకుంటున్నారు! అక్కడే ఆగిపోయాను. కార్డు వెనుక ఉన్న నంబరుకు ఫోన్ చేసి నెట్ బ్యాంకింగ్ ఆపించాను. సొమ్ము దక్కింది, ఆ రాత్రి నిద్ర మాత్రం పట్టలేదు. పోతే పోయేది నా డబ్బు కాదు, ఆ పిల్లల చదువు.

తర్వాత ఆ మెయిల్‌ను జవాబుపత్రంలా దిద్దాను. నా పేరు లేదు, 'ప్రియమైన ఖాతాదారు' అని ఉంది. ఆలోచించే వ్యవధి ఇవ్వకుండా భయపెట్టింది. పైన కనిపించిన పేరు బ్యాంకుదే, దాని మీద నొక్కితే బయటపడిన చిరునామా వేరే. పంపినవారి చిరునామాను కూడా నకిలీ చేయవచ్చు కనుక, అది సరిగ్గా ఉన్నంత మాత్రాన నమ్మకూడదు. పేజీపై తాళం గుర్తు కూడా భరోసా కాదు, దొంగ పేజీకీ అది ఉంటుంది.

మన దేశంలోని బ్యాంకుల వెబ్‌సైట్లు 2025 అక్టోబరు 31 లోగా 'డాట్ బ్యాంక్ డాట్ ఇన్' చిరునామాకు మారాలని రిజర్వు బ్యాంకు ఆదేశించింది. ఉత్తరం మీద ఊరిపేరు చివర ఉన్నట్టే, సైటు పేరులోనూ చివరి భాగమే అసలైనది. బ్యాంకు పేరు ముందు పెట్టి, చివర మరేదో తగిలిస్తే అది బ్యాంకు సైటు కాదు.

అన్నిటికన్నా సులువైన జాగ్రత్త ఒకటుంది. మెయిల్‌లోని లింకు నొక్కకండి. బ్యాంకు యాప్‌ను మీరే తెరవండి, లేదా శాఖకు వెళ్ళండి. ఓటీపీ, పిన్, పాస్‌వర్డ్ ఎవరికీ చెప్పకండి.

పొరపాటు జరిగిపోతే సిగ్గుపడి దాచకండి. వెంటనే బ్యాంకుకు, 1930 నంబరుకు ఫోన్ చేయండి. బ్యాంకుకు తెలియజేసిన తర్వాత జరిగే నష్టాన్ని బ్యాంకే భరించాలని రిజర్వు బ్యాంకు 2017 జులై సర్క్యులర్‌లో చెప్పింది. అందుకే ప్రతి నిమిషం విలువైనదే.

దాతలకు ఒక మనవి. మన సొసైటీ పేరుతో కొత్త ఖాతా నంబరు పంపుతూ మెయిల్ వస్తే, మీకు ముందునుంచీ తెలిసిన బాధ్యుల్ని ఫోన్‌లో అడిగాకే డబ్బు పంపండి. అలా అడిగితే మేము నొచ్చుకోము, సంతోషిస్తాము. మీరిచ్చే ప్రతి రూపాయి ఎవరో ఒక బిడ్డ అమానతు. ఇంటికెళ్ళి ఈ నాలుగు మాటలు మీ అమ్మీకి, అబ్బాకు కూడా చెప్పండి.

అల్లాహ్ మనందరి అమానతులను కాపాడుగాక. ఆమీన్.