చదువుకి 6 శాతం: గడువు దాటిన మాట

ఈ ఎపిసోడ్‌లో ఒకే ఒక్క అంకె గురించి మాట్లాడుకుందాం. ఆ అంకె 6. దేశ ఆదాయంలో, అంటే జీడీపీలో, 6 శాతం ప్రభుత్వాలు చదువుకి ఖర్చు పెట్టాలి అనే మాట మీరు వినే ఉంటారు. ఇది ఎక్కడ పుట్టింది? ఇన్నేళ్లైనా ఎందుకు తీరలేదు?

1964లో కేంద్రం ఒక విద్యా కమిషన్ వేసింది. చైర్మన్ దౌలత్ సింగ్ కొఠారీ, ఫిజిక్స్ శాస్త్రవేత్త. 1966లో రిపోర్టు ఇచ్చారు. అప్పుడు చదువు ఖర్చు జాతీయాదాయంలో 2.9 శాతం. 1985-86 కల్లా అది 6 శాతానికి చేరాలని వాళ్ల లెక్క. 1968 విద్యా విధానం అదే చెప్పింది. 1986 విధానం కూడా అదే చెప్పింది. 2020లో వచ్చిన కొత్త విధానం కూడా అదే. అంటే గడువు దాటి 40 ఏళ్లు!

మరి ఇప్పుడు ఎంత? ఇక్కడే తిరకాసు ఉంది. 2020 విధానం పత్రం 2017-18కి 4.43 శాతం అంటుంది. ఆర్థిక సర్వే 2022-23కి 2.9 శాతం అంటుంది. ఇంత తేడా ఏంటి? లెక్కలో ఏ ఏ శాఖల ఖర్చు కలిపారు అన్నదాన్ని బట్టి అంకె మారుతుంది. ఉదాహరణకి, మన సాంఘిక సంక్షేమ గురుకులాలు విద్యాశాఖ కింద ఉండవు. అలాంటి ఖర్చులు కలిపితే శాతం పెరుగుతుంది, వదిలేస్తే తగ్గుతుంది. ఎలా లెక్కేసినా 6 మాత్రం రాదు.

ఎందుకు రాదో చూద్దాం. దేశం మొత్తం ఒక ఊరు అనుకోండి. ఊరి ఆదాయం 100 రూపాయలు. అందులో కేంద్రం, రాష్ట్రాలు కలిపి పన్నుగా వసూలు చేసేది సుమారు 17, 18 రూపాయలే. చదువుకి 6 రూపాయలు ఇవ్వాలంటే పన్ను డబ్బులో మూడో వంతు అక్కడే పోతుంది. అప్పుల వడ్డీకే 5 రూపాయల దాకా కట్టాలి. జీతాలు, పెన్షన్లు, రక్షణ, రోడ్లు, ఆస్పత్రులు, అన్నీ మిగిలినదాంట్లోనే సర్దాలి. అందుకే 6 శాతం ఇస్తాం అనే నాయకుడిని ఒక్కటే అడగాలి: పన్ను పెంచుతారా, వేరే ఖర్చు తగ్గిస్తారా? ఈ రెండూ చెప్పకపోతే అది ఉత్త మాటే.

ఇంకో విషయం. ఇన్‌కమ్ ట్యాక్స్ కట్టేవాళ్లు దాని మీద 4 శాతం ఆరోగ్య, విద్యా సెస్సు కూడా కడతారు. పన్నుల్లో రాష్ట్రాలకి వాటా ఉంటుంది గానీ సెస్సులో ఉండదు. కానీ చదువు ఖర్చులో ఎక్కువ భాగం మోసేది రాష్ట్రాలే. టీచర్ జీతం ఇచ్చేది వాళ్లే.

సరే, శాతాలతో మనకేం పని అంటారా? దేశంలో ఇప్పటికీ లక్షకి పైగా బడుల్లో ఒక్కరే టీచర్. ఆయన ఒకటో తరగతికి అక్షరాలు దిద్దిస్తుంటే ఐదో తరగతి ఖాళీగా కూర్చోవాలి. ఆయన సెలవు పెడితే బడికే సెలవు. అది చూసిన అమ్మానాన్నలు అప్పు చేసైనా ప్రైవేటులో వేస్తారు. ప్రభుత్వం పెట్టని రూపాయి మాయమైపోదు ఫ్రెండ్స్, మన ఇంటి మీద పడుతుంది. ఆ రూపాయి లేని ఇంట్లో పిల్లాడి చదువు ఆగిపోతుంది.

డబ్బు పెంచితే చాలు, అన్నీ బాగుపడతాయి అని నేను అనను. ఖాళీలు నింపకుండా బిల్డింగులకి రంగులేస్తే పిల్లలకి చదువు రాదు. కానీ డబ్బే లేకుండా ఖాళీలు నిండవు కదా.

చివరగా ఒక చిన్న పని. మన రాష్ట్ర బడ్జెట్ పుస్తకాలు ఆన్‌లైన్‌లో ఉంటాయి. విద్యాశాఖ పేజీ తీయండి. బడ్జెట్ అంచనా ఒకటి, సవరించిన అంచనా ఒకటి, నిజంగా ఖర్చు పెట్టింది ఒకటి ఉంటాయి. హెడ్‌లైన్లలో వచ్చేది మొదటిది. మీరు మూడోది చూడండి. ఆ రెండింటికీ తేడా ఎంతో కామెంట్‌లో రాయండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. నమస్తే.